శిక్షణకు ముప్పై మంది, మూడో నెలకు ఆరుగురు

పేరు వేయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు పొడవైన ఉత్తరం రాశారు. మొత్తం వేయడం కుదరదు కాబట్టి సారాంశం చెబుతాను.

ఆవిడ చాలాకాలంగా ఒక స్వచ్ఛంద సంఘంలో పనిచేస్తున్నారు. ఆ సంఘం సాయంత్రాలు పిల్లలను కూర్చోబెట్టి చదివిస్తుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకు వారానికోసారి మనిషిని పంపి మంచీచెడ్డా కనుక్కుంటుంది. కొత్త వాలంటీర్లకు శిక్షణ ఇచ్చే బాధ్యత రెండేళ్ల క్రితం ఈవిడ మీద పెట్టారు. ఉద్యోగం చేసుకుంటూనే రాత్రుళ్లు కూర్చుని స్లైడ్లు తయారుచేశారు. రెండు రోజుల కార్యక్రమం. సంఘం చరిత్ర, ఆశయాలు, నియమావళి, పిల్లల మనస్తత్వం, వృద్ధుల ఆరోగ్య సమస్యలు, రిపోర్టు రాసే తీరు, ప్రథమ చికిత్స, అన్నీ అందులో ఉన్నాయి. పోయినసారి ముప్పై మంది వచ్చారు. చాలా బాగుందని ఫారాల మీద రాసిచ్చారు కూడా. మూడో నెల వచ్చేసరికి మిగిలింది ఆరుగురు. వాళ్లు కూడా నేర్పినట్టు చేయడం లేదట.

ఇంకో చిక్కు ఏమిటంటే, సంఘం పుట్టినప్పటి నుంచీ ఉన్న ఒక పెద్దాయన. అందరూ మాస్టారు అంటారు. కొత్తవాళ్లు ఏదైనా చేస్తుంటే అందరి ముందే "అలా కాదు, ఇటివ్వు" అని చేతిలో పని లాగేసుకుంటారు. ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ ఈవిడతో "అక్కా, మీరు అన్నీ చెప్పారు. కానీ ఆ ఇంటికి వెళ్లి తలుపు తట్టాక ఏం చేయాలో నాకు తెలీలేదు" అంది. కమిటీ మాత్రం ఇప్పటివాళ్లకు నిబద్ధత లేదని తేల్చేసింది. శిక్షణను నాలుగు రోజులకు పెంచాలనీ, చెప్పకుండా మానేసినవాళ్లకు జరిమానా వేయాలనీ కార్యదర్శి అంటున్నారు. ఇంట్లోవాళ్లేమో జీతం లేని ఉద్యోగం నీకెందుకని రోజూ గొడవ. "నాకు నేర్పడం రాదా? వాళ్లకే నేర్చుకోవాలని లేదా? నేను మానేయనా?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపింది ఆ అమ్మాయి మాట. కమిటీ వాళ్లు రెండేళ్లు చర్చించినా రాని విషయం ఆ ఒక్క వాక్యంలో ఉంది. తనకు ఆసక్తి లేదని ఆమె అనలేదు. టైమ్ లేదని కూడా అనలేదు. తలుపు తట్టాక ఏం చేయాలో తెలియలేదంది. రెండు రోజులు కూర్చుని విన్న మనిషికి, తాను చేయాల్సిన మొదటి పనే తెలియకుండా పోయిందంటే, మీ శిక్షణలో అన్నీ ఉన్నాయి గానీ ఆ పని లేదు. గట్టు మీద కూర్చోబెట్టి ఈత పాఠం చెప్పినట్టయింది.

దీనికి మిమ్మల్ని మీరు తిట్టుకోనక్కర్లేదు. బాగా తెలిసినవాళ్లకు ఎప్పుడూ ఎదురయ్యే ఇబ్బందే ఇది. 1990లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని ఒక ప్రయోగం చేసింది. కొందరికి బాగా తెలిసిన పాటలు ఇచ్చి, వాటి దరువును బల్ల మీద వేలితో కొట్టమంది. అది ఏ పాటో ఎదుటివాళ్లు చెప్పాలి. సగం పాటలైనా పట్టేస్తారని కొట్టినవాళ్ల నమ్మకం. తీరా చూస్తే 120 పాటల్లో విన్నవాళ్లు పట్టింది 3. కొట్టేవాళ్ల చెవుల్లో పాట మోగుతూనే ఉంటుంది. వినేవాళ్లకు వినిపించేది ఉత్త టకటకలే. మీరు "పెద్దవాళ్లతో ఆత్మీయంగా మెలగాలి" అన్నప్పుడు మీ మనసులో ఎన్నో ఇళ్లు, ఎన్నో సంభాషణలు మెదిలి ఉంటాయి. ఆ అమ్మాయికి వినిపించింది నాలుగు మాటలు.

కాబట్టి కార్యదర్శిగారి నాలుగు రోజుల ఆలోచన ముందు పక్కన పెట్టించండి. రెండు రోజులు చెప్పిందే మర్చిపోయేవాళ్లు నాలుగు రోజులు చెబితే ఇంకా ఎక్కువ మర్చిపోతారు. 1885లోనే హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల జాబితాలు బట్టీపట్టి, ఎంత గుర్తుందో తన మీదే పరీక్షించుకున్నాడు. ఎక్కువ భాగం మొదటి రోజులోనే జారిపోతుందని తేలింది. అర్థమున్న విషయం అంత త్వరగా పోదు, నిజమే. కానీ మధ్యాహ్నం భోజనం అయ్యాక చూపించే నియమావళి స్లైడు వినేవాళ్లకు అర్థంలేని అక్షరాల కంటే ఎంత మెరుగో మీరే ఆలోచించండి.

మీ విషయసూచికను ముందు పెట్టుకుని ప్రతి అంశం పక్కనా ఒక ప్రశ్న రాయండి: మొదటి రోజు పనికి వెళ్లేముందు ఇది తెలియకపోతే ఎవరికైనా హాని జరుగుతుందా? అవును అన్నవి మాత్రమే ముందు నేర్పాలి. అవి ఎన్నో ఉండవు. పిల్లలతో తలుపులు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. పిల్లల ఫొటోలు తీసి ఎక్కడా పెట్టకూడదు. పెద్దవాళ్ల ఇంట్లో విన్నది బయట చెప్పకూడదు. వాళ్ల డబ్బు, మందుల జోలికి పోకూడదు. అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు దగ్గర ఉండాలి. వీటిలో ఒక్కటి కూడా తగ్గించడానికి వీల్లేదు. ఎవరైనా తొందరపడుతున్నారని, మనుషులు చాలడం లేదని, వీటిని దాటవేసి పంపొద్దు.

అయితే ఇవి కూడా చదివి వినిపించే విషయాలు కావు. సందర్భం చెప్పి అడగండి. "పెద్దావిడ మీ చేతిలో డబ్బు పెట్టి, ఎవరికీ చెప్పకు, ఆ మందు తెచ్చిపెట్టు అంది. ఏం చేస్తారు?" "క్లాసయ్యాక ఒక పిల్లాడు నన్ను ఇంటిదాకా దింపమని పట్టుకున్నాడు. ఏం చేస్తారు?" ఇలాంటి ప్రశ్నలకు కొత్తవాళ్లు తప్పు జవాబులు చెబుతారు. చెప్పనివ్వండి. ఆ తప్పు మీ గదిలో జరిగితే ఎవరికీ నష్టం లేదు. తాము నోరు విప్పి చెప్పిన జవాబు, దాని మీద జరిగిన వాదన, స్లైడు కంటే చాలాకాలం గుర్తుంటాయి. ఇదంతా ఒక పూట పని.

మిగతావన్నీ అవసరం వచ్చినప్పుడు నేర్పొచ్చు. రిపోర్టు ఎలా రాయాలన్నది మొదటి రిపోర్టు రాసే రోజు పక్కన కూర్చుని చెబితే పది నిమిషాల్లో అయిపోతుంది. సంఘం చరిత్ర ఎప్పుడో ఒక సాయంత్రం మాస్టారు కబుర్లలో చెప్పగలరు. ప్రథమ చికిత్స మాత్రం వేరే సంగతి. గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే సీపీఆర్ లాంటి నైపుణ్యాలు మళ్లీ చేయకపోతే కొన్ని నెలల్లోనే తగ్గిపోతాయి. ఏడాదికోసారి ఒక గంట ఉపన్యాసం వల్ల ఉపయోగం లేదు. అర్హత ఉన్నవాళ్లతో చేతులతో చేయించి, మధ్యమధ్య మళ్లీ చేయించాలి. అది కుదరకపోతే మీ శిక్షణలోంచి తీసేసి, ప్రమాదం జరిగితే ఎవరిని పిలవాలో గట్టిగా నేర్పండి. నేర్చుకున్నామన్న భ్రమ నేర్చుకోకపోవడం కంటే ప్రమాదం.

ఇప్పుడు తలుపు దగ్గరికి వద్దాం. పని నేర్పే పద్ధతి గురించి మనం కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఓడల కర్మాగారాల్లోకి పని తెలియనివాళ్లు వేలకొద్దీ వచ్చిపడ్డారు. వాళ్లకు త్వరగా నేర్పడానికి చార్లెస్ ఆలెన్ అనే వృత్తి శిక్షకుడు నాలుగు మెట్ల పద్ధతి పెట్టాడు. నేర్చుకునేవాణ్ని సిద్ధం చేయి, చేసి చూపించు, వాడితో చేయించు, చివరికి వాడంతట వాడు చేయగలడో లేదో పరీక్షించు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే పద్ధతిని మెరుగుపరిచి అక్కడి ఫ్యాక్టరీల సూపర్‌వైజర్లకు పెద్ద ఎత్తున నేర్పారు. అందులో నాకు నచ్చింది, పనిని కాగితం మీద విడగొట్టే తీరు. ఒక పక్క పనిలోని మెట్లు, వాటి ఎదురుగా ప్రతి మెట్టులో పట్టు ఎక్కడుందో, అలా ఎందుకు చేయాలో.

మీ పెద్దవాళ్ల సందర్శన తీసుకోండి. తలుపు తట్టి, పేరు, సంఘం పేరు చెప్పి ఆగాలి. ఎదురుగా పట్టు: లోపలికి రమ్మనేదాకా గుమ్మం దాటకూడదు. ఎందుకు: అది వాళ్ల ఇల్లు, మనం తనిఖీకి వెళ్లలేదు. తరువాత, వాళ్లు చూపించిన చోట కూర్చోవాలి. పట్టు: వాళ్ల మొహం కనబడేలా, మన మాట వినబడేలా. కబురు ఎక్కడ మొదలెట్టాలి? "ఆరోగ్యం ఎలా ఉంది" అంటే చాలామంది "బాగానే ఉంది" అని ముగించేస్తారు. "నిన్న సాయంత్రం ఏం చేశారు" అంటే వాళ్లు తిన్నారో లేదో, లేచి తిరిగారో లేదో, ఎవరైనా వచ్చారో లేదో అన్నీ ఆ జవాబులోనే వస్తాయి. ఇదిగో, ఇలాంటిది మీకు తెలుసు, మాస్టారికి తెలుసు, ఏ స్లైడులోనూ ఉండదు. లేచే ముందు మళ్లీ ఎప్పుడు వస్తామో చెప్పాలి, చెప్పిన రోజు రాలేకపోతే ముందే ఫోన్ చేయాలి. ఎదురుచూసి భంగపడటం ఒంటరివాళ్లకు మనం చేయగల పెద్ద అన్యాయం. అంతా కలిపి ఒక పేజీకి మించకూడదు. మించిందంటే మళ్లీ నియమావళి రాస్తున్నారని లెక్క.

పిల్లల క్లాసుకూ ఒక పేజీ రాయండి. అందులో మొదటి పది నిమిషాల మీదే ఎక్కువ రాయండి. కొత్తవాళ్లు తడబడేదీ, పిల్లలు వాళ్లను తూకం వేసేదీ అప్పుడే.

ఆ కాగితం పట్టుకుని కొత్తవాళ్లను ఒక్కొక్కరినీ ఒక పాత వాలంటీరుతో పంపండి. మొదటిసారి చూడటమే. రెండోసారి సగం పని వాళ్లది. మూడోసారి మొత్తం వాళ్లదే, పాతవాళ్లు నోరు మూసుకుని కూర్చోవాలి (పాతవాళ్లకు కష్టమైన శిక్షణ ఇదే). ఆ తరువాత ఒంటరిగా వెళ్లి, తిరిగొచ్చాక ఒక ఫోన్. ఆ ఫోన్‌లో "ఎలా జరిగింది" అని కాకుండా "ఎక్కడ ఇరుక్కున్నావు" అని అడగండి. ఇరుక్కోవడం మామూలేనని ఆ ప్రశ్నే వాళ్లకు చెబుతుంది.

దీనికి మీరు చెల్లించాల్సినది కూడా ఉంది. మీ దగ్గర ఇప్పుడున్నది ఆరుగురు, కొద్దిమంది పాతవాళ్లు. ముప్పై మందిని జతచేసే శక్తి మీకు లేదు. ఒక్కో విడతకు అయిదారుగురినే తీసుకోగలరు. మిగిలినవాళ్లను రెండు నెలలు ఆగమనాలి. వాళ్లలో కొందరు మళ్లీ రారు. వార్షిక నివేదికలో వేసుకోవడానికి నిండుగా ఉన్న హాలు ఫొటో ఉండదు. కమిటీ అభ్యంతరం అసలు అక్కడే వస్తుందని నా అనుమానం. అప్పుడు వాళ్లను ఒకటే అడగండి, ముప్పై మంది వచ్చి ఆరుగురు మిగలడం కావాలా, ఆరుగురు వచ్చి అయిదుగురు మిగలడానికి ప్రయత్నించడం కావాలా అని. అయిదుగురు మిగులుతారని హామీ మాత్రం ఇవ్వకండి. ఒక విడత చేసి చూస్తామనండి.

పెద్ద శిక్షణ మానడానికి కమిటీ ఒప్పుకోకపోతే మధ్యేమార్గం ఒకటుంది. రెండు రోజులు అలాగే ఉంచి, రెండో రోజు మొత్తం జంటలుగా అభినయం చేయించండి. ఒకరు పెద్దావిడ, ఒకరు వాలంటీరు. అసలు పని పక్కన ఉండి నేర్పినంత ఫలితం రాదు, మొదటి వారాల్లో మానేసేవాళ్లు మానేస్తూనే ఉంటారు. కానీ కనీసం తలుపు తట్టడం ఒకసారి చేసినట్టవుతుంది.

ఫీడ్‌బ్యాక్ ఫారాల సంగతి. 1959లో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ శిక్షణను అంచనా వేయడానికి నాలుగు స్థాయిలు చెప్పాడు. వచ్చినవాళ్లకు నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, దానివల్ల ఫలితం కనబడిందా. మీ ఫారాలు మొదటిదాని దగ్గరే ఆగిపోయాయి. శిక్షణ నచ్చడం వేరు, పని రావడం వేరు. ఇకనుంచి ఫారం తీసేసి, నెల తరువాత మీరే ఒకసారి వాళ్ల వెంట వెళ్లి చూడండి. మిగిలిన ఆ ఆరుగురితో మొదలుపెట్టండి. వాళ్లు నేర్పినట్టు చేయడం లేదన్నారు కదా, చేస్తున్నది ఏమిటో చూశారా? భద్రత నియమం తప్పితే అక్కడికక్కడే ఆపాలి. అంతకు మించి తేడా ఉంటే, అది మీ అలవాటుకు భిన్నమా, పనికే నష్టమా అని తేల్చుకోండి. మూడు నెలలు నిలబడ్డవాళ్లు మీకంటే మంచి ఉపాయం ఏదైనా కనిపెట్టి ఉండొచ్చు.

మానేసినవాళ్లలో ఇద్దరు ముగ్గురితో, ముఖ్యంగా ఆ అమ్మాయితో, మాట్లాడండి. తిరిగి రమ్మనడానికి కాదు. ఏ రోజు మానేయాలనిపించింది, అంతకు ముందు ఏం జరిగింది అని అడిగి వినండి. అడిగేటప్పుడు సమర్థించుకోకండి. ఒక్కసారి మీరు "కానీ మేం చెప్పాం కదా" అన్నారంటే వాళ్లు మర్యాదకు తలూపి ఫోన్ పెట్టేస్తారు.

ఇక మాస్టారు. ఆయనను చెడ్డవాడిగా చూడటం సులువే. మనిషికి చెప్పగలిగినదానికంటే తెలిసినది ఎక్కువ ఉంటుందని మైకేల్ పోలానీ అనే తత్వవేత్త అనేవాడు. మాస్టారు పరిస్థితి అదే అయ్యుండాలి. ఎలా చేయాలో నోటితో చెప్పలేరు, తప్పు చూస్తూ ఊరుకోలేరు, అందుకే పని లాక్కుంటారు. తాను లేకపోయినా సంఘం నడుస్తుందేమోనన్న బెంగ కూడా ఉండొచ్చు. దాన్ని మనం తేల్చలేం, తేల్చాల్సిన పనీ లేదు.

మీకు మూడు దారులున్నాయి. మొదటిది, ఆయనతో ఒంటరిగా మాట్లాడటం. "మాస్టారూ, మీరు చేసే తీరు కాగితం మీద పెడదామనుకుంటున్నాను. రెండుమూడు ఇళ్లకు మీ వెంట వస్తాను, మీరేం చేస్తున్నారో నేను రాసుకుంటాను" అనండి. పైన చెప్పిన పేజీ రాయడానికి ఆయన కంటే మంచి వనరు మీకు దొరకదు. ఆ సందర్భంలోనే, కొత్తవాళ్లకు తప్పు చెప్పాలంటే పని అయ్యాక, పక్కకు పిలిచి చెబుదామని అడగొచ్చు. ఈ దారిలో చిక్కు, ఆయన ఒప్పుకుని కూడా అలవాటు కొద్దీ మళ్లీ అలాగే చేయొచ్చు. మీరు పదేపదే గుర్తుచేయాలి, అది చిన్న పని కాదు.

రెండోది, కొత్తవాళ్లు లేని పని ఆయనకు అప్పగించడం. గొడవ వెంటనే తగ్గుతుంది. కానీ పక్కన పెట్టారని ఆయనకు తెలియకుండా ఉండదు, ఆయనతోపాటు ఆయన అనుభవం కూడా దూరమవుతుంది. మూడోది, అందరికీ వర్తించేలా కమిటీ చేత ఒక నియమం పెట్టించడం: వాలంటీర్లను ఇతరుల ముందు మందలించకూడదని. మినిట్స్‌లో రాసుకున్న నియమం ఉంటే మీరు ఒంటరిగా పోరాడనక్కర్లేదు. కానీ కమిటీలో ఆయన శిష్యులే ఎక్కువుంటే అది తీర్మానం దాకా రాదు, మీకూ ఆయనకూ మధ్య మాత్రం చెడుతుంది. నేనైతే మొదటిదానితో మొదలుపెట్టి, నెలా రెండు నెలలు చూసి, మూడోదానికి వెళ్తాను. ఆయన స్వభావం తెలిసినది మీకు కాబట్టి వరుస మీరు మార్చుకోవచ్చు. అంతవరకూ జతలు వేసేటప్పుడు కొత్తవాళ్లను ఆయనతో వేయకండి.

జరిమానా మాట ఒక్కసారిలో తేల్చేద్దాం. ఇజ్రాయెల్‌లోని హైఫాలో 10 పిల్లల సంరక్షణ కేంద్రాలలో ఒక అధ్యయనం జరిగింది, 2000లో అచ్చయింది. పిల్లలను తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని 6 కేంద్రాలలో చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. డబ్బు కట్టేస్తున్నాం కదా అన్న ధీమా వచ్చింది. జరిమానా ఎత్తేశాక కూడా పాత పరిస్థితి తిరిగి రాలేదు. మీ కార్యదర్శికి ఈ ఉదాహరణ చెప్పండి. జీతం లేకుండా వచ్చేవాళ్ల దగ్గర ఎదురు డబ్బు వసూలు చేస్తే వాళ్లకు మిగిలిన మొహమాటం కూడా పోతుంది. చెప్పకుండా మానేసినవాళ్లకు మరునాడు ఎవరో ఒకరు ఫోన్ చేసి "రాలేదేం, అంతా బాగానే ఉందా" అని అడగడం చాలు. ఎక్కువ సంఘాల్లో ఆ ఫోన్ చేసే మనిషే ఉండరు.

చివరిగా మీరు మానేయాలా అన్నది. మీకు నేర్పడం రాదని నేను అనుకోవడం లేదు. ఉపన్యాసం మీకు బాగా వచ్చు, ఫారాలే సాక్ష్యం. పక్కన నిలబడి చేయించడం ఇంకా ప్రయత్నించలేదు. అది చేయాలన్న ఉత్సాహం ఉందా అన్నది మీరు తేల్చుకోవాలి. సంఘం మీద ప్రేమ ఉండటం, ఈ బాధ్యత మీద ఓపిక ఉండటం ఒకటే కాదు. శిక్షణ వదిలేసి, వారానికో ఇల్లు చూసుకునే మామూలు వాలంటీరుగా ఉండిపోవడం కూడా గౌరవమైన నిర్ణయమే. అలా చేస్తే ఇంట్లో పోరు తగ్గుతుంది. సంఘంలో శిక్షణ కొన్నాళ్లు కుంటుపడుతుంది, మీకు చూస్తూ బాధగా ఉంటుంది, వేలు పెట్టకుండా ఉండాలి.

కొనసాగించేటట్టయితే ఒంటరిగా వద్దు. ఆ ఆరుగురిలో నేర్పే గుణం ఉన్న ఒకరిద్దరిని పక్కన పెట్టుకోండి. వాళ్లు మీలా చేయరు, అది ముందే ఒప్పుకోవాలి. ఇంట్లోవాళ్లతో "సేవ" గురించి వాదించకండి, వాళ్ల ఫిర్యాదు బహుశా రాత్రుళ్ల మీద. వారంలో సంఘానికి ఏ సాయంత్రాలు ఇస్తారో చెప్పి, మిగతావాటిలో ఫోన్ కూడా తీయకండి.

ఏది నిర్ణయించుకున్నా వచ్చే విడత ప్రకటన వేయకముందే కమిటీకి రాతపూర్వకంగా చెప్పండి. తప్పుకునేటట్టయితే తేదీ వేసి, స్లైడ్లు, ఫోన్ నంబర్లు, హాజరు పట్టిక ఎవరికి అప్పగించారో రాయండి. మీ స్థానంలో ఎవరి పేరైనా సూచించాలనుకుంటే, ముందు వాళ్లను అడగండి.